టాప్‌వాటర్ లూర్లు: లైను పురెక్కడం, చేప కొట్టినా గాలానికి తగలకపోవడం

కొత్త గాలం (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. బెండు గాలం చిన్నప్పటి నుంచీ వేస్తున్నాను, నీటి మీద ఆడించే లూర్లు, అంటే బొమ్మ ఎరలు, మాత్రం ఈ మధ్యే పట్టుకున్నాను. ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్డు, 3000 సైజు రీలు, 12 పౌండ్ల బలం ఉన్న నైలాన్ తంగూసు. పెట్టెలో ఉన్నవి మూడే లూర్లు: రబ్బరు కప్ప, మూతితో నీళ్లు చిమ్మే పాపరు, తోక దగ్గర చిన్న రెక్క తిరిగేది ఒకటి.

నాకు రెండు సమస్యలున్నాయి. కాసేపు విసిరేసరికి లైను పురెక్కిపోతోంది. కొంచెం వదులైతే చాలు, రాడ్డు కొన దగ్గర తనంతట తనే మెలికలు తిరిగి ముద్ద కడుతోంది. అది విప్పుకుంటూ కూర్చుంటే పొద్దెక్కిపోతోంది. రెండోది, కౌశిక డ్రైను పక్కన గుర్రపుడెక్క అంచుల్లో చేప బాగానే కొడుతోంది. నీళ్లు లేచి పడటం కళ్లారా కనిపిస్తోంది. వెంటనే లాగితే కప్ప ఒక్కటే ఎగిరొచ్చి గట్టు మీద పడుతోంది.

యూట్యూబులో చూసేవన్నీ అమెరికా వాళ్ల బాస్ వీడియోలే. ఆ చేప మన దగ్గర లేదు కదా, వాళ్లు చెప్పేది కొర్రమీనుకు ఎంతవరకు పనికొస్తుంది? స్వివెల్ (గుండ్రంగా తిరిగే చిన్న లోహపు కీలు) కడితే పురి పోతుందని షాపులో చెప్పారు. కట్టమంటారా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

వశిష్ఠ ఒడ్డు (రాజోలు)

స్వివెల్‌ను కప్ప ముక్కుకు మాత్రం కట్టకండి. ఆ బరువుకి ముక్కు నీళ్లలోకి దిగిపోతుంది, పైగా డెక్క వేళ్లూ నాచూ అన్నీ దానికే పట్టుకుంటాయి. నాలుగు విసుర్లకోసారి పీకి శుభ్రం చేసుకోవాలి.

రీలు విప్పేవాడు (తణుకు)

స్వివెల్ సంగతి తర్వాత, ముందు పురి ఎక్కడ పుడుతోందో చూడాలండి. చాలామంది లూరుని తిడతారు. నేను విప్పి చూసిన రీళ్లలో ఎక్కువ వాటికి జబ్బు రీలు దగ్గరే ఉంది.

స్పిన్నింగ్ రీలులో స్పూలు తిరగదు, లైనుని పట్టుకునే వంపు తీగ, అదే బెయిల్ వైరు, దాని చుట్టూ తిరుగుతూ లైను చుడుతుంది. అలా పడిన ప్రతి చుట్టుకీ లైనులో ఒక పురి పడుతుంది. విసిరినప్పుడు అదే లైను స్పూలు అంచు మీదుగా చుట్టలుగా జారిపోతుంది కాబట్టి ఆ పురి విడిపోతుంది. విసరడం, చుట్టడం వరకే అయితే లెక్క సరిపోతుంది.

లెక్క తప్పేది డ్రాగ్ (చేప గట్టిగా గుంజితే లైను జారనిచ్చే బిగింపు) దగ్గర. చేప గుంజుతోంది, డ్రాగ్ కిర్రుమంటోంది, మనం ఆత్రంకొద్దీ హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాం. లైను ఒక్క జానెడు కూడా లోపలికి రాదు, బెయిల్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. గేర్ 5.2:1 ఉన్న రీలులో హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే బెయిల్ ఐదుసార్లకు పైగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఒక పురి. అలా ఊరికే పదిసార్లు తిప్పితే 52 పురులు లైనులో ఎక్కి కూర్చుంటాయి, వాటిని విడదీసే విసురు ఏదీ ఉండదు. కప్ప తూటికాడలో చిక్కుకున్నప్పుడు హ్యాండిల్ తిప్పి లాగుతారు చూడండి, అక్కడ జరిగేదీ ఇదే. డ్రాగ్ జారుతుంటే చెయ్యి ఆపండి. చేపను రాడ్డుతో పైకి ఎత్తి, రాడ్డు దించుతూ చుట్టండి. చిక్కుకుంటే రీలు ముట్టుకోకుండా, చేతికి గుడ్డ చుట్టుకుని లైను పట్టి లాగండి.

బెయిల్ మూయడం ఇంకో సంగతి. లూరు నీళ్లలో పడగానే హ్యాండిల్ తిప్పి టక్కున మూస్తారు. అలా మూస్తే స్పూలు మీద ఒక వదులు చుట్ట మిగిలిపోతుంది, దాని మీద మంచి చుట్లు పడతాయి, తర్వాతి విసురులో అదే ముద్దగా బయటికొస్తుంది. బెయిల్‌ని చేత్తో మూయండి. మూసి, రీలుకీ రాడ్డు మీది మొదటి గైడుకీ (లైను దూరే రింగు) మధ్య లైను పట్టుకుని ఒక్కసారి బిగువుగా లాగండి. తర్వాతే చుట్టండి. ఈ ఒక్క అలవాటుతో సగం బాధ తీరుతుంది.

బెయిల్ చివర చిన్న రోలరు ఉంటుంది, దాని మీదుగానే లైను లోపలికి వెళుతుంది. అది తిరుగుతోందా? తడి లైను వేసి వేలితో లాగి చూడండి. మట్టి పట్టి బిగుసుకుపోతే లైను దాని మీద ఒరుసుకుంటూ పోతుంది, పురితోపాటు గరుకు కూడా వస్తుంది. మంచినీళ్లతో కడిగి ఒక చుక్క రీలు ఆయిల్ వేస్తే చాలు. యానాం, అంతర్వేది వైపు ఉప్పునీళ్లలో వేసేవాళ్లు ఇంటికి రాగానే ఈ పని చేయాలి.

లైను ఎలా ఎక్కించారు? షాపు వాళ్లే ఎక్కించి ఇచ్చారా?

కొత్త గాలం (అమలాపురం)

షాపులోనే ఎక్కించారండి. అంచుదాకా నిండుగా ఉంది. బెయిల్ హ్యాండిల్‌తోనే మూస్తున్నాను.

రీలు విప్పేవాడు (తణుకు)

అయితే ముందు అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేదాకా లైను తీసేయండి. నిండుగా ఉంటే చుట్టలు వాటంతటవే జారిపడతాయి.

కొత్త లైను ఎక్కించేటప్పుడు దాని స్పూలుని నేల మీద బోర్లా గానీ వెల్లకిలా గానీ పడుకోబెట్టండి, లైను గైడ్లలోంచి తెచ్చి రీలుకి కట్టండి, రెండు వేళ్లతో లైను నొక్కిపట్టి ఓ పదిహేను ఇరవై సార్లు తిప్పండి. ఇప్పుడు ఆగి, లైను వదులు చేయండి. నేల మీద స్పూలుకీ రాడ్డుకీ మధ్య అది మెలిపడుతోందంటే పురి పైన పురి ఎక్కుతోందని. స్పూలు తిరగేసి పెట్టి మళ్లీ తిప్పండి. రెండో వైపు పెడితే ఆ స్పూలు మీద లైనుకున్న సహజమైన వంపు, రీలు వేసే పురి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నైలాన్ అయితే ఎక్కించే ముందు కాసేపు నీళ్లలో నానబెడితే మెత్తబడుతుంది.

ఇప్పటికే పురెక్కిన లైను పారేయక్కర్లేదు. లూరు కోసేయండి, స్వివెల్, స్నాప్ ఏమీ వద్దు, ఉత్త లైను. పంట కాలువ పారుతున్నప్పుడు వంతెన మీద నిలబడి వాలు వైపు యాభై అరవై మీటర్లు వదలండి. రెండు మూడు నిమిషాలు అలాగే పట్టుకుంటే నీటి వడికి కొన స్వేచ్ఛగా తిరిగి పురి విడిపోతుంది. తర్వాత వేళ్ల మధ్య నొక్కిపట్టి బిగువుగా చుట్టుకోండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పడవ వెనక వదిలి లాగినా అంతే. పడవా లేకపోతే మంచి బాల్ బేరింగ్ స్వివెల్ ఒకటి కొనకు కట్టి దాన్ని కొబ్బరిచెట్టుకు తగిలించి, గట్టు వెంబడి వెనక్కి నడిచి లైను బిగించండి. కాస్త వదిలి మళ్లీ బిగించండి. స్వివెల్ తిరగడం కనిపిస్తుంది.

గట్టు దాటినవాణ్ణి (టెక్సాస్, సొంతూరు రావులపాలెం)

బాస్ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఇక్కడ లార్జ్‌మౌత్ బాస్‌కి వేస్తుంటాను, సెలవులకు వచ్చినప్పుడు లొల్ల లాకుల కింద కొర్రమీనుకి వేస్తాను. రెండు చేపల తీరు ఒకటి కాదు, అందుకే వీడియోల్లో కొంత తీసుకోవాలి, కొంత వదిలేయాలి.

బాస్ పళ్లతో కరిచి పట్టదు. నోరు ఒక్కసారిగా పెద్దగా తెరుస్తుంది, ఆ ఖాళీలోకి నీళ్లతోపాటు లూరు కూడా లోపలికి వెళ్లిపోతుంది. లైను బిగుసుకుని ఉంటే లూరు లోపలికి పోలేక బయటే ఆగుతుంది. అందుకే ఇక్కడ నీటి మీద ఆడించే లూర్లకు లైను కాస్త వదులుగా ఉంచుతారు. 1939 నుంచీ దొరుకుతున్న హెడాన్ కంపెనీ జారా స్పూక్ లాంటి కర్ర ఆకారం లూర్లైతే వదులు లేనిదే ఆడవు కూడా. రాడ్డు కొన కిందికి పెట్టి చిన్నగా కొట్టాలి, వెంటనే వదలాలి. అప్పుడే ముక్కు కుడికీ ఎడమకీ తిరుగుతుంది. బిగించి లాగితే తిన్నగా వచ్చేస్తుంది.

మరి వదులు ఉంటే ఏమవుతుంది? ఆ వదులే స్పూలు మీద మెత్తగా చుట్టుకుంటుంది. లైనులో ముందే పురి ఉంటే ఆ వదులు రాడ్డు కొన చుట్టూ మెలి వేసుకుంటుంది. సరిగ్గా అప్పుడే చేప కొడుతుంది. మనం లాగిన లాగుడు ఆ మెలికను విప్పడానికే సరిపోతుంది, హుక్కు దాకా వెళ్లదు. ఈయన రెండు సమస్యలు అన్నారు, నా లెక్కలో అవి ఒకటే. లైను బాగుపడితే తగలని దెబ్బలు సగానికి తగ్గుతాయి.

నాలుగైదు విసుర్లకోసారి లూరుని దూరంగా వేసి, ఆడించకుండా, లైను వేళ్ల మధ్య నొక్కి తిన్నగా చుట్టేయండి. స్పూలు మీద వదులు చుట్లన్నీ సర్దుకుంటాయి.

లైను రకం కూడా చూసుకోండి. ఫ్లోరోకార్బన్ నీటికన్నా చాలా బరువు, మునిగిపోతుంది, పాపరు ముక్కుని కిందికి లాగేస్తుంది. నీటి మీద లూర్లకు అది వద్దు. నైలాన్ నీటికన్నా కొంచెమే బరువు, మునిగినా నెమ్మదిగా మునుగుతుంది. బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన లైను) తేలుతుంది, సాగదు. కానీ మరీ మెత్తన, ముందున్న ట్రెబుల్ హుక్కుకి (మూడు ముళ్లది) చుట్టుకుంటుంది. అందుకని పాపరుకి బ్రెయిడ్ కడితే చివర రెండు మూడడుగులు మందపాటి నైలాన్ లీడర్ పెట్టండి.

వశిష్ఠ ఒడ్డు (రాజోలు)

ఆ లీడరుకీ మెయిన్ లైనుకీ మధ్య చిన్న స్వివెల్ పెట్టుకోవచ్చు. రెక్క తిరిగే లూరుకి అక్కడ స్వివెల్ ఉండాల్సిందే అంటాను. ముక్కుకి ఆనకుండా రెండడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి లూరు ఆటకి అడ్డు రాదు. బాల్ బేరింగ్‌ది కొనండి. మామూలు ఇత్తడి స్వివెల్ బరువు పడితే గానీ తిరగదు, తేలిక లూరుకి అది ఉన్నా లేనట్టే.

రీలు విప్పేవాడు (తణుకు)

అది సరైన చోటు. కానీ లూరే నీళ్లలో గిరగిరా తిరుగుతుంటే స్వివెల్ పెట్టి దాచుకోవద్దు. గట్టు పక్కన, కాళ్ల ముందు నీళ్లలో రెండు మూడు గజాలు లాగి చూడండి. మెల్లగా లాగితే బాగానే ఉండి, వేగం పెంచగానే పల్టీలు కొట్టే పాపర్లు ఉన్నాయి. వాటిని ఆ వేగం దాకా తీసుకెళ్లకూడదు. రబ్బరు కప్ప పల్టీ కొడుతోందంటే హుక్కు నడుం మధ్యలో కూర్చోలేదనో, ఒక కాలు పొడుగు ఒక కాలు పొట్టిగా ఉందనో అర్థం. కాళ్లు కత్తిరించి సమానం చేయండి. కడుపులో నీళ్లు నిండినా ఒక పక్కకి ఒరుగుతుంది. రెండు మూడు విసుర్లకోసారి నొక్కి నీళ్లు పిండేయాలి.

లంక బాబాయ్ (ముక్తేశ్వరం)

ఇప్పటిదాకా అందరూ రీలు గురించే చెప్పారు. తమ్ముడూ కొత్త గాలం, నువ్వు "వెంటనే లాగితే" అన్నావు చూడు, చేప పోయింది అక్కడే.

మా వైపు పెద్దవాళ్లు బతికున్న కప్పను గుచ్చి పొడుగాటి వెదురు కర్రతో డెక్క మధ్య కంతల్లో ఆడించేవారు. రీలు లేదు, లైను మహా అయితే కర్ర పొడవంత. చేప అందుకోగానే ఎవరూ గుంజేవారు కాదు. కర్ర కొన దించేవారు. లైను పక్కకి కదిలేదాకా ఆగి, అప్పుడు ఎత్తేవారు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది రబ్బరు కప్పే అయినా ఆ పద్ధతి మారలేదు.

కొర్రమీను డెక్క కిందనుంచి వస్తుంది. పైన ఏదో కదిలింది, అంతే దానికి తెలిసేది. ఆకుల్నీ కప్పనీ కలిపి కొడుతుంది. ఒక్కోసారి కప్ప నోట్లో పడకుండా పైకి ఎగిరిపోతుంది. నీళ్లు లేచిన ప్రతిసారీ కప్ప దాని నోట్లో ఉన్నట్టు కాదు. కంటితో చూసి లాగొద్దు, చేతికి బరువు తెలిసాక లాగు. కొట్టగానే రాడ్డు కొన నీటివైపు దించు, హ్యాండిల్ తిప్పి వదులంతా తీసెయ్. బరువు తగిలిందా, అప్పుడు రెండు చేతులతో పైకి ఎత్తు. మెత్తగా కాదు. ఎత్తాక ఆపకుండా చుట్టాలి, తల తిప్పుకోనిస్తే డెక్క వేళ్లలోకి దూరిపోతుంది.

తగలకపోతే కప్పని పీక్కుని బయటికి తెచ్చుకోకు. అక్కడే ఉంచు. చిన్నగా ఒక్కసారి కదిపి ఆపు. కొర్రమీను చాలాసార్లు మళ్లీ వస్తుంది. కప్ప దూరంగా వచ్చేస్తే అదే కంతలోకి మళ్లీ వెయ్యి, ఈసారి నిదానంగా.

ఇంకోటి. కౌశిక డ్రైనులో మట్టగిడసలు ఎక్కువ. చిన్న నోరు, కప్ప కాళ్లు పట్టుకుని గుంజి వదిలేస్తాయి. "టప్" అని చిన్న శబ్దం, కాళ్లు మాత్రం లోపలికి పోయి మళ్లీ తేలతాయి. అవి తగలకపోయినందుకు బాధపడక్కర్లేదు.

పండుగప్ప పిచ్చి (యానాం)

బాబాయ్ గారు చెప్పింది కప్పకి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ట్రెబుల్ హుక్కులున్న లూరుకి అంతసేపు ఆగితే చేప ఉమ్మేస్తుందండి. గట్టి ప్లాస్టిక్ అని దానికి వెంటనే తెలిసిపోతుంది. రబ్బరు కప్ప మెత్తగా ఉంటుంది కాబట్టి ఇంకాసేపు పట్టుకుంటుంది.

లంక బాబాయ్ (ముక్తేశ్వరం)

నేను లెక్కపెట్టి ఆగమనలేదు బాబూ. బరువు తెలియడం అన్నాను. అది ఒక్క క్షణంలో తెలియొచ్చు.

పండుగప్ప పిచ్చి (యానాం)

ఆయ్, బరువు దగ్గరైతే మీరూ నేనూ ఒక్కటే మాట. పాపరుకి నేను చేసేది చెప్తాను. కొట్టినా చెయ్యి ఆపను, అదే తాళంలో ఆడిస్తూ చుడుతూనే ఉంటాను. ట్రెబుల్స్ పదునుగా ఉంటే చేప తిరిగినప్పుడు వాటంతటవే గుచ్చుకుంటాయి. లైను బిగుసుకోగానే రాడ్డుని పక్కకి, నీటికి సమాంతరంగా ఈడుస్తాను. పైకి ఎత్తితే లూరు నీళ్లలోంచి ఎగిరి మన ముఖం మీదకే వస్తుంది, మూడు ముళ్ల హుక్కులతో. కళ్లద్దాలు లేకుండా పాపరు వేయొద్దు.

మా వైపు గౌతమి కొసన పాయల్లో పండుగప్ప కూడా బాస్ లాగే నోరు తెరిచి పీల్చుకుంటుంది. ఆ శబ్దం వింటే ఎవరికైనా చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆపుకోవాలి. పోటు మళ్లి నీళ్లు తీస్తున్నప్పుడు మడ చెట్ల మధ్య చిన్న గండ్లలోంచి నీళ్లు బయటికి వచ్చే మూల చూడండి, అక్కడే కాచుకుంటుంది. కోరంగి అభయారణ్యం హద్దు లోపలికి మాత్రం గాలం పట్టుకుని వెళ్లకండి.

పండుగప్పకి చవక లూర్లతో వచ్చే హుక్కులు చాలవు. ఒక్క గుంజుడుకి తిన్నగా సాగిపోతాయి. హుక్కులు మారుస్తారుగానీ హుక్కుని లూరుకి తగిలించే స్ప్లిట్ రింగు మరిచిపోతారు, అదీ మార్చాలి. మరీ బరువైనవి వేస్తే తోక మునిగి లూరు ఆట పోతుంది. బకెట్ నీళ్లలో వేసి ముందు ఎలా తేలుతోందో చూసి, మార్చాక ఎలా తేలుతోందో చూసుకోండి.

డెల్టా మురుగు (భీమవరం)

హుక్కు పదును గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. నా మట్టుకు అన్నిటికన్నా ముందు చూసేది అదే. బొటనవేలి గోరు మీద హుక్కు మొన ఆనించి మెల్లగా లాగండి. గోరుని పట్టుకుని ఆగిపోతే పదును ఉన్నట్టు. జారిపోతే లేనట్టు. మా వైపు చెరువు గట్లకి రాళ్లు పరిచిన చోట ఒక్కసారి తగిలితే చాలు, మొన మొద్దుబారిపోతుంది. చిన్న ఆకురాయి జేబులో ఉంటుంది, మొన వైపుకి రెండు మూడు సార్లు రుద్దుతాను.

రబ్బరు కప్ప కొన్న రోజే ఇంకో పని చేయాలి. దానికి రెండు ముళ్ల హుక్కు వీపుకి అతుక్కుని ఉంటుంది, డెక్కలో చిక్కకుండా. చవక కప్పల్లో అది మరీ దగ్గరగా ఉంటుంది, రబ్బరు కూడా గట్టిది. బొటనవేలూ చూపుడువేలూ పెట్టి చేప దవడలా కప్పని నొక్కండి. ముళ్లు రెండూ సులువుగా బయటికి తేలాలి. గట్టిగా నొక్కితే గానీ రాకపోతే చేపకీ రావు. ప్లయర్‌తో ఒక్కో ముల్లుని కొంచెం పైకి, కొంచెం బయటికి వంచండి. కొంచెమే. ఎక్కువ వంచితే ప్రతి ఆకుకీ పట్టుకుంటుంది. రబ్బరు గట్టిగా ఉంటే వేడినీళ్లలో కాసేపు ఉంచి చేత్తో పిసికితే మెత్తబడుతుంది. కాళ్లు మరీ పొడుగుంటే కత్తిరించండి, చేప కాళ్ల దగ్గర పట్టుకుని వదిలేయడం తగ్గుతుంది.

12 పౌండ్ల నైలాన్‌తో డెక్కలో కప్ప వేయడం మాత్రం ఆపేయండి. అది సాగుతుంది. పాతిక మీటర్ల దూరంలో మీరు ఎంత ఎత్తినా ముల్లు దాకా వెళ్లేది కొంచెమే. 40 పౌండ్ల బ్రెయిడ్ వేసి, లీడర్ లేకుండా కప్ప ముక్కుకి నేరుగా పాలోమార్ ముడి. స్పూలు అడుగున ముందు కాస్త నైలాన్ చుట్టండి, లేకపోతే బ్రెయిడ్ మొత్తం స్పూలు మీద జారి గుండ్రంగా తిరుగుతుంది. డ్రాగ్ పడుతున్నట్టే ఉంటుంది, డ్రాగ్ కాదు.

రీలు విప్పేవాడు (తణుకు)

బ్రెయిడ్‌కి పురి పడదని కొందరంటారు, నమ్మకండి. పడుతుంది. నైలాన్‌లా చుట్టలు తిరిగి కనిపించదు, అంతే. ఒక్కసారిగా గాలిలో ముడి పడి గైడు దగ్గర ఆగిపోతుంది. బిగువుగా ఎక్కించాలి, బెయిల్ చేత్తోనే మూయాలి. పై జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. ఈ బాధలన్నీ వద్దనుకుంటే బెయిట్‌కాస్టింగ్ రీలు ఉంది. అందులో స్పూలే తిరుగుతుంది, లైను తిన్నగా చుట్టుకుంటుంది, రీలు వల్ల పురి పడదు. బరువైన కప్పలకు చాలా బాగుంటుంది. విసరడం నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి, తేలిక లూర్లు దాంతో దూరం పోవు.

కొత్త గాలం (అమలాపురం)

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలండి. చెప్పినవన్నీ చేశాను. రోలరు నిజంగానే బిగుసుకుపోయి ఉంది, కడిగి ఆయిల్ వేశాను, ఇప్పుడు వేలితో తాకితే తిరుగుతోంది. నైలాన్ పంట కాలువలో వదిలి పురి విప్పి, వేరే స్పూలుకి ఎక్కించి పాపరు కోసం ఉంచాను. కప్పకి 40 పౌండ్ల బ్రెయిడ్.

నిన్న పొద్దున్నే వెళ్లాను. లైను ఒక్కసారి కూడా ముద్ద కట్టలేదు. డెక్క అంచున కొట్టింది, రాడ్డు దించి వదులు తీశాను, చేతికి బరువు తగిలింది, ఎత్తాను. కిలోకి పైగా ఉంటుంది కొర్రమీను. కప్ప పై దవడకి లోపల గుచ్చుకుంది. తీయడానికి ప్లయర్ కావలసి వచ్చింది.

కానీ ఒక చోట అర్థం కానిది జరిగింది. డెక్క లేని ఖాళీ నీళ్లలో చిన్న చిన్న ఎర్రటి చేపపిల్లలు గుంపుగా పైకి వచ్చి మళ్లీ కిందికి పోతున్నాయి. అక్కడ కప్ప వేస్తే పెద్ద చేప వరసగా కొట్టింది. ప్రతిసారీ రాడ్డు దించాను, బరువే తగల్లేదు. అది ఎందుకలా?

లంక బాబాయ్ (ముక్తేశ్వరం)

అవి కొర్రమీను పిల్లలు తమ్ముడూ. కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తున్నాయి. నీ కప్పని తినడానికి రాలేదు, పిల్లల దగ్గర్నుంచి తరమడానికి వచ్చాయి. నోరు మూసే కొడతాయి, తలతో తోస్తాయి, అందుకే బరువు తెలియదు. పిల్లలు గాలి కోసం పైకి వచ్చినప్పుడల్లా వెనకే పెద్ద చేప లేస్తుంది.

అక్కడ వేయకు. ఆ పెద్ద చేపని తీస్తే ఆ పిల్లల్ని గంటలో మట్టగిడసలూ జెల్లలూ తినేస్తాయి. వానలు పడ్డాక కొన్నాళ్లు ఇలాంటి గుంపులు చాలా చోట్ల కనిపిస్తాయి. ఎర్రగా నీళ్లు కదిలితే పక్కకి జరిగిపో. కప్పకి అడ్డొచ్చి తగిలినా వెంటనే అక్కడే వదిలెయ్.

డెల్టా మురుగు (భీమవరం)

బాబాయ్ గారూ, కొందరు సరిగ్గా ఆ గుంపు చూసే వేస్తున్నారండి. సులువుగా కొడుతుందని తోకకి ఇంకో హుక్కు కూడా కలుపుతున్నారు.

లంక బాబాయ్ (ముక్తేశ్వరం)

తెలుసు. మా లంకలో అలా వేసేవాళ్లని గట్టు దిగనివ్వం. రెండేళ్లు అలా పడితే ఆ డ్రైనులో ఆడించడానికి కప్పలుంటాయి గానీ కొట్టే చేప ఉండదు.

కొత్త గాలం (అమలాపురం)

అర్థమైంది బాబాయ్ గారూ, ఆ చోటు వదిలేస్తున్నాను. పిల్లలు ఎంత పెరిగేదాకా ఆగాలి?

లంక బాబాయ్ (ముక్తేశ్వరం)

ఎరుపు పోయి ఒంటి మీద నల్ల చారలు వచ్చేదాకా, గుంపు చెదిరి ఎవరి దారి వాళ్లు పట్టేదాకా. ఈలోగా డ్రైను అవతలి వైపు తూటికాడ ఉన్న చోట వేసుకో. పొద్దున్న నీడ అటే ఉంటుంది.

వశిష్ఠ ఒడ్డు (రాజోలు)

తూటికాడలో వేసేటప్పుడు కప్ప హుక్కు కొంచెం తగ్గించి వంచుకోండి, డెక్కలో కన్నా అక్కడ కాడలకి ఎక్కువ పట్టుకుంటుంది. రాజోలు వైపు వస్తే చెప్పండి, మా దగ్గర ఆ రకం చోట్లు చాలా ఉన్నాయి.